తిండి మాన్పించే ముందు, నొప్పి ఏ రోజు వస్తోందో రాయించండి

మీ భార్యకు నెలకు ఐదారు సార్లు ఒకవైపు తలనొప్పి వస్తోందని రాశారు. నెట్‌లో జాబితాలు చూసి పెరుగు, ఇడ్లీ, చాక్లెట్, నారింజ, పల్లీలు అన్నీ మాన్పించినా తగ్గలేదని, పైగా మనిషి నీరసించిపోయిందని అన్నారు. ముందు ఆ జాబితా పక్కన పెట్టి, ఆమెను వేళకు కడుపు నిండా తిననివ్వండి. నేనూ అలాగే అన్నీ మానేసి ఏడాదిన్నర పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది మలక్‌పేట, నేను స్కూల్ టీచర్‌ని. నాకు ఎడమ కణత దగ్గర నరం టకటకా కొట్టుకుంటూ మొదలయ్యేది. గంటలో వాంతి. లైటు వేస్తే పడదు, కుక్కర్ విజిల్ వినపడితే ప్రాణం పోయినట్టుండేది. సైనస్ అనుకుని రెండేళ్లు ఆవిరి పట్టాను. చివరికి నరాల డాక్టర్ దగ్గరికి వెళ్తే మైగ్రేన్ అన్నారు, మన పెద్దవాళ్లు పార్శ్వపు నొప్పి అనేది అదే. ఏమేం మానేయాలని అడిగితే, "ఏదీ మానకండమ్మా. నొప్పి ఏ రోజు వచ్చింది, ముందు రోజు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు, అవి రాసుకు రండి" అన్నారు.

మా వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది, పాల లెక్క దాని మీదే రాస్తాను. పాల ప్యాకెట్ల అంకె పక్కనే ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టడం మొదలుపెట్టాను. కింద సన్నగా "టిఫిన్ 11కి", "బండి నూడుల్స్", "నిద్ర లేదు" అని రెండు ముక్కలు. నెలసరి తేదీలకు సున్నా చుట్టాను. మీరూ ఇది తప్పకుండా చేయించండి, ఎందుకంటే చాలామంది ఆడవాళ్లకు నెలసరికి ముందు హార్మోన్ పడిపోవడం వల్ల నొప్పి వస్తుంది, తప్పు తిండి మీద వేస్తారు. రెండు నెలలకు 14 ఇంటూలు పడ్డాయి. మా వారు పాల లెక్క చూడబోయి, "ఇవన్నీ శని, ఆదివారాల్లోనే ఉన్నాయేంటి?" అన్నారు. లెక్కపెడితే 9.

ఆదివారం సంగతి టీ. మామూలు రోజుల్లో ఐదు టీలు తాగేదాన్ని. ఆఖరిది సాయంత్రం ఐదింటికి, మళ్లీ పొద్దున ఐదున్నరకు. ఆదివారం లేవడమే ఎనిమిదిన్నర, స్నానం, పూజ అయ్యి టీ తాగేసరికి పది. అంటే 17 గంటలు. అలవాటైన ఒంటికి టీలో ఉండే కెఫీన్ అందకపోతే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవ్వొచ్చు. నేను తిన్నది కాదు, తాగనిది నొప్పి తెచ్చింది! అలాగని ఒక్కసారిగా మానకూడదు, మానితే ఆ నొప్పి రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రెండుకు వచ్చాను, సెలవు రోజైనా అదే టైముకు తాగుతాను. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక మేడమ్ రంజాన్‌కు రెండు వారాల ముందు నుంచే టీ తగ్గిస్తారు. లేకపోతే మొదటి నాలుగు రోజాలూ తల పట్టుకుని కూర్చోవాల్సి వచ్చేదట.

శనివారాలు నాకు ఒక్కపొద్దు. సాయంత్రం దాకా ఏమీ తినేదాన్ని కాదు. ఖాళీ కడుపు మైగ్రేన్‌కు పెద్ద కారణం అని డాక్టర్ చెప్పారు. అది మానడానికి మనసొప్పలేదు. మా అత్తమ్మే, "స్వామి నిన్ను తలనొప్పితో మొక్కమన్నాడా బిడ్డా? పొద్దున పాలు, పండు తీసుకో" అన్నది. ఆ మాటతో నా బెంగ తీరింది. ఇప్పుడు పొద్దున పాలు, అరటిపండు, మధ్యాహ్నం ఉడకబెట్టిన చిలగడదుంప.

మరి తిండి అసలు కారణమే కాదా అంటే, కొందరికి అవుతుంది. నాకూ ఒకటి తేలింది. డాక్టర్ చెప్పినట్టు, అనుమానం ఉన్నవాటిలో ఒక్కటే నాలుగు వారాలు మానడం, తర్వాత మళ్లీ తిని చూడడం. పెరుగు మళ్లీ మొదలుపెట్టాను, ఏమీ కాలేదు. పల్లీ చట్నీ, ఏమీ కాలేదు. సందు చివర ఫాస్ట్ ఫుడ్ బండి మీద నూడుల్స్ తిన్న రోజు మాత్రం రెండు మూడు గంటల్లో కణత పట్టేసింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. ఇంట్లో టేస్టింగ్ సాల్ట్ (అజినోమోటో) లేకుండా చేసుకుంటే రాలేదు. అది ఆ ఉప్పు వల్లో, సాస్‌ల వల్లో, రాత్రి పదింటికి తినడం వల్లో నేను తేల్చుకోలేదు, బండి మీద మాత్రం మానేశాను.

చాక్లెట్ విషయంలో జాగ్రత్తగా గమనించండి. మైగ్రేన్ వచ్చే ముందు రోజే కొందరికి ఆవులింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి తినాలనిపించడం ఉంటాయి. నాకు అంతే. నొప్పి అప్పటికే బయల్దేరింది కాబట్టి చాక్లెట్ తిన్నాను, తిన్నాను కాబట్టి వచ్చిందని ఏళ్ల తరబడి అనుకున్నాను. చీజ్ సంగతి కూడా చెప్పాలి. ఆ జాబితాల్లో ఉండేది నెలల తరబడి నిల్వ ఉంచిన చీజ్, నిల్వ ఉన్నకొద్దీ పెరిగే టైరమిన్ అనే పదార్థం అందులో ఎక్కువ. మన తాజా పనీర్, ఆ రోజు తోడుకున్న పెరుగు ఆ లెక్కలోకి రావు. సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసంలో పాడవకుండా వేసే నైట్రైట్లు కొందరికి పడవు, మీ ఇంట్లో అవి తింటుంటే వాటితో మొదలుపెట్టి చూడండి.

ఇంకొకటి తప్పకుండా అడగండి, ఆమె నెలకు ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటోంది? మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తేవచ్చు. నేను మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలకు 12 రోజులు వేసుకునేదాన్ని, అందులో కెఫీన్ కూడా ఉందని డాక్టర్ స్ట్రిప్ తిప్పి చూపిస్తే తెలిసింది.

ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యి కాలు బలహీనపడినా, క్యాలెండర్లూ టీలూ కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేమీ లేకపోయినా, ఇప్పటిదాకా చూపించకపోతే నరాల డాక్టర్‌కు ఒకసారి చూపించండి.

నాకు పూర్తిగా పోలేదు. నెలకు ఏడు ఉండేవి, ఇప్పుడు ఒకటి, ఒక్కోసారి రెండు. ఈ రాత్రి ఆమెకు పెరుగన్నం పెట్టండి, రేపటి నుంచి క్యాలెండర్ మొదలుపెట్టండి. నెల తర్వాత ఇంటూలు ఏ రోజుల్లో పడ్డాయో ఇక్కడ రాస్తే, నేను తప్పకుండా చూస్తాను.