మోటార్ తగిలిస్తే వేడెక్కి ఆగిపోయే 7805 రెజ్యూమేలో రాయొచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. హార్డ్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడాలని ఉంది. తోటివాళ్లు రెడీమేడ్ మాడ్యూళ్లు కలిపి ఆటోమేషన్ ప్రాజెక్టులు చేసేస్తున్నారు. నేను చేసిందల్లా 12 వోల్టుల అడాప్టర్‌కు 7805 ఐసీ తగిలించి 5 వోల్టుల సప్లై. దానికి చిన్న మోటార్ తగిలిస్తే ఐసీ మీద వేలు పెట్టలేనంత వేడి, కాసేపటికి ఆగిపోతోంది. ‘ఇది రేడియో రిపేరు పని, దీనికి ఉద్యోగం ఎవరిస్తారు’ అంటున్నారు నాన్నగారు. దీన్ని వదిలేసి పెద్ద ప్రాజెక్టు పట్టుకోమంటారా?

జవాబు: వదలకండి. ఎందుకు ఆగిపోతోందో కాగితం మీద లెక్క వేసి, మీటరుతో కొలిచి చూపించగలిగితే ఇదే మీ మంచి ప్రాజెక్టు. హార్డ్‌వేర్ ఇంటర్వ్యూలో పది మాడ్యూళ్ల పేర్లు చెప్పినవారిని కూడా ‘ఈ బోర్డుకు సప్లై ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత కరెంట్ తీసుకుంటోంది’ అని అడుగుతారు. చాలామంది నీళ్లు నమిలేది అక్కడే.

ముందు ఆ వేడి సంగతి. 7805 లీనియర్ రెగ్యులేటర్, అంటే అదనపు వోల్టేజ్‌ను తన మీదే వేడిగా కాల్చేసి స్థిరమైన వోల్టేజ్ ఇచ్చే ఐసీ. 12 వోల్టులు ఇచ్చి 5 తీసుకుంటే మిగిలిన 7 వోల్టులు ఐసీ మీదే పడతాయి. మోటార్ 0.5 ఆంపియర్ లాగితే 7 × 0.5 = 3.5 వాట్లు వేడిగా మారాలి. హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క) లేని టీవో-220 ప్యాకేజీలో, అంటే మూడు కాళ్లు, లోహపు ట్యాబ్ ఉండే ఈ ఆకారంలో, ఒక్కో వాటుకు లోపలి చిప్ సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. అంటే 227 డిగ్రీలు, దానిపైన గది వేడి. చిప్‌ను 125 డిగ్రీలు దాటనివ్వొద్దని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చెబుతుంది. అందుకే లోపలున్న థర్మల్ షట్‌డౌన్ తనంతట తానే ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ వదులుతుంది. మోటార్ ఆగి, తిరిగి, మళ్లీ ఆగుతోందంటే ఐసీ పాడైనట్టు కాదు, తనను తాను కాపాడుకుంటోంది.

వాటుకు 15 డిగ్రీల రేటింగ్ ఉన్న హీట్‌సింక్‌ను థర్మల్ పేస్ట్ రాసి బిగిస్తే లెక్క మారుతుంది. చిప్ నుంచి కేసుకు 5, పేస్ట్ పొరకు 1, హీట్‌సింక్‌కు 15, మొత్తం 21. దాన్ని 3.5తో గుణిస్తే 73.5 డిగ్రీలు. గది 30 డిగ్రీలుంటే చిప్ దగ్గర సుమారు 104. బతుకుతుంది. ‘9 వోల్టుల అడాప్టర్ పెడితే సరిపోదా’ అనిపిస్తుంది. 4 × 0.5 = 2 వాట్లు, హీట్‌సింక్ లేకపోతే అదీ 160 డిగ్రీలకు చేరుతుంది. కాకపోతే చిన్న హీట్‌సింక్‌తో సరిపోతుంది. ఈ నాలుగు లైన్ల లెక్కను మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఇప్పుడు సర్క్యూట్‌ను బ్రెడ్‌బోర్డ్ (తీగలు గుచ్చి కలిపే బోర్డు) మీంచి తీసి జీరో పీసీబీ (వరసగా రంధ్రాలుండే ఖాళీ బోర్డు) మీద సోల్డర్ చేయండి. కావలసినవి: 7805 ఒకటి, 1ఎన్4007 డయోడ్లు (కరెంట్‌ను ఒకవైపే పోనిచ్చేవి) రెండు, 0.33, 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు ఒక్కొక్కటి, ఇన్‌పుట్‌కు 220 మైక్రోఫారడ్ 35 వోల్టుల ఎలక్ట్రోలైటిక్, అవుట్‌పుట్‌కు 10 మైక్రోఫారడ్ 16 వోల్టులది, ఎల్‌ఈడీ, దానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్, హీట్‌సింక్. అక్షరాలున్న వైపు మీకు ఎదురుగా, కాళ్లు కిందికి పెట్టుకుంటే ఎడమది ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. లోహపు ట్యాబ్ కూడా గ్రౌండే. నెగటివ్ రెగ్యులేటర్ 7905 చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ కాళ్ల వరస వేరు, ట్యాబ్ ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు బిగించాల్సి వస్తే మధ్యలో కరెంట్ దాటనివ్వని మైకా వాషర్, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి.

ఒక డయోడ్‌ను ఇన్‌పుట్‌కు సిరీస్‌లో పెట్టండి, అడాప్టర్ ప్లస్ మైనస్ తారుమారైనా ఐసీ దక్కుతుంది. ఇది దాదాపు 0.8 వోల్టు తింటుంది. 7805కు అవుట్‌పుట్ కన్నా 2 వోల్టులు ఎక్కువ, అంటే కనీసం 7 కావాలి కాబట్టి సాకెట్ దగ్గర 7.8కి తగ్గకూడదు. రెండోదాన్ని ఐసీ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు, చార ఉన్న వైపు ఇన్‌పుట్‌కు వచ్చేలా కలపండి. ఇన్‌పుట్ ఎక్కడైనా షార్ట్ అయితే అవుట్‌పుట్ కెపాసిటర్‌లోని చార్జ్ ఐసీ గుండా వెనక్కి పరుగెత్తకుండా ఈ డయోడ్ దారి మళ్లిస్తుంది.

సెరామిక్ కెపాసిటర్లు రెండూ ఐసీ కాళ్లను ఆనుకునే ఉండాలి, ఒక సెంటీమీటర్ దూరమంటేనే ఎక్కువ. చాలామంది వీటిని అలంకారం అనుకుని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడతారు. పొడవాటి తీగల ఇండక్టెన్స్ వల్ల రెగ్యులేటర్ ఆసిలేట్ కావచ్చు, అంటే అవుట్‌పుట్ వేగంగా పైకీ కిందికీ ఊగొచ్చు. అప్పుడు మీటర్‌లో కనిపించేది సరాసరి మాత్రమే, 4.7 అనో 5.3 అనో ఏదో చూపిస్తుంది. లోడ్ (కరెంట్ లాగే వస్తువు) లేకుండానే ఐసీ వేడెక్కుతుంటే ముందు దీన్నే అనుమానించండి. వోల్టేజ్ ఊగడాన్ని తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోప్ ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మధ్య కాలు వదులవడం. గ్రౌండ్ తెగితే రెగ్యులేటర్‌కు కొలత కోల్పోయినట్టే. అవుట్‌పుట్ దాదాపు ఇన్‌పుట్ దాకా ఎగబాకుతుంది, 5 వోల్టుల మైక్రోకంట్రోలర్‌కు పదికి పైగా వోల్టులు తగులుతాయి. బ్రెడ్‌బోర్డ్‌లో ఈ గతి పట్టిన బోర్డులకు లెక్కలేదు. అందుకే మొదటిసారి సప్లై ఇచ్చేటప్పుడు ఎల్‌ఈడీ తప్ప ఏమీ తగిలించకండి. అవుట్‌పుట్‌లో 4.8కి, 5.2కి మధ్య ఉందని చూసుకున్నాకే తక్కినవి. మీటర్‌ను ఆంపియర్ల సాకెట్‌లో మర్చిపోయి వోల్టేజ్ కొలవబోతే అవుట్‌పుట్‌ను షార్ట్ చేసినట్టే. 7805 తట్టుకోవచ్చు, మీటర్‌లోని ఫ్యూజ్ పోవచ్చు.

మెయిన్స్ (ఇంటి కరెంటు) ట్రాన్స్‌ఫార్మర్‌తో మొదలుపెట్టకండి, అనుభవమున్నవారు పక్కన ఉన్నప్పుడు చూసుకోవచ్చు. అడాప్టర్ చాలు. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టర్‌పై 12 అని రాసి ఉన్నా లోడ్ లేనప్పుడు 16, 17 దాకా చూపించొచ్చు. కెపాసిటర్ 35 వోల్టులది తీసుకోమన్నది అందుకే.

ఇక కొలతలు. మీ ప్రాజెక్టుకు బరువు వచ్చేది వీటితోనే. ముందు రెగ్యులేటర్ పక్కన పెట్టి 270 ఓమ్‌ల అర వాటు రెసిస్టర్, 5.1 వోల్టుల ఒక వాటు జీనర్‌తో (తన వోల్టేజ్ దగ్గర నిలిపి ఉంచే డయోడ్) అదే 12 నుంచి 5 తీయండి. లోడ్ లేకుండా చక్కగా 5 చుట్టూ ఉంటుంది. దానికి 47 ఓమ్‌ల లోడ్ పెట్టగానే 1.8 వోల్టులకు కూలిపోతుంది. ఆ రెసిస్టర్ గుండా అంత కరెంట్ రాలేదు, జీనర్ పనే ఆగిపోతుంది. అదే 47 ఓమ్‌లను 7805కు పెట్టండి, 5 వోల్టులు అలాగే నిలుస్తాయి. రెగ్యులేటర్ ఏం చేస్తుందో ఇంతకన్నా బాగా ఏ క్లాసూ చెప్పదు.

తర్వాత హీట్‌సింక్ బిగించి 47, 22, 10 ఓమ్‌లు వరసగా పెట్టి చూడండి. కరెంట్ సుమారు 106, 227, 500 మిల్లీ ఆంపియర్లు. 10 ఓమ్‌లది 2.5 వాట్లు కాలుస్తుంది కాబట్టి 5 వాట్ల వైర్‌వౌండ్ తీసుకోండి, అయినా ముట్టుకోవద్దు. ప్రతిసారీ వోల్టేజ్ రెండుచోట్ల కొలవండి, ఐసీ కాళ్ల దగ్గర ఒకసారి, లోడ్ దగ్గర ఒకసారి. కాళ్ల దగ్గర 4.99 ఉండి లోడ్ దగ్గర 4.85 ఉందనుకోండి, 0.14 వోల్టు తీగల్లో పోయింది. 0.5 ఆంపియర్‌కు అది 0.28 ఓమ్. సన్న జంపర్ తీగ, వదులు కనెక్టర్ కలిస్తే అంత రావడం మామూలే. ‘రెగ్యులేటర్ సరిగా లేదు’ అని ఐసీ మార్చేసేవాళ్లకు, తప్పు తీగలో ఉందని పట్టుకునేవాళ్లకు తేడా ఈ రెండో కొలతే.

మీ మోటార్‌ను మాత్రం ఈ 5 వోల్టుల మీద ఉంచకండి. స్టార్ట్ అయ్యే క్షణంలో అది మామూలు కరెంట్‌కు కొన్ని రెట్లు లాగుతుంది, వోల్టేజ్ కుంగి మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంది. మోటార్‌కు వేరే సప్లై ఇచ్చి గ్రౌండ్లను ఒక్కచోటే కలపండి.

నాన్నగారి మాట విషయానికొస్తే, రిపేరు చేయగలగడం తక్కువ పనేం కాదు. బోర్డు డిజైన్, టెస్ట్ అండ్ వాలిడేషన్, చార్జర్లు, బ్యాటరీ వ్యవస్థలు, ఎలక్ట్రిక్ వాహనాల పవర్ ఎలక్ట్రానిక్స్, పవర్ మేనేజ్‌మెంట్ చిప్‌ల డిజైన్, అన్నిటా రోజూ చేసేది ఈ కొలతలనే ఇంకాస్త పెద్ద ఎత్తున. అయితే ఆయన అనుమానంలోనూ కొంత నిజం ఉంది. 7805 ఒక్కదానితో ఆగిపోతే ఉద్యోగం రాదు. 6 వాట్లు లోపలికి తీసుకుని 2.5 వాట్లు బయటికిచ్చే సర్క్యూట్‌ను బ్యాటరీతో నడిచే వస్తువులో ఎవరూ పెట్టరు.

కాబట్టి తర్వాత వోల్టేజ్ మార్చుకోగల సప్లైను ఎల్‌ఎం317 రెగ్యులేటర్‌తో కట్టండి. అవుట్‌పుట్‌కు, అడ్జస్ట్‌కు మధ్య 240 ఓమ్‌లు, అడ్జస్ట్ నుంచి గ్రౌండ్‌కు 720 ఓమ్‌లు పెడితే 1.25 × (1 + 720/240) = 5 వోల్టులు. దీని కాళ్ల వరస 7805ది కాదు, ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. కొన్ని ఐసీలకు 10 మిల్లీ ఆంపియర్ల దాకా కనీస లోడ్ కావాలి, లేకపోతే ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజ్ పైకి జారుతుంది. ఆ తర్వాత ఎల్‌ఎం2596 ఐసీతో బక్ కన్వర్టర్ (వేగంగా స్విచ్ చేస్తూ, తక్కువ వేడితో వోల్టేజ్ తగ్గించేది), దాని పీసీబీ కైక్యాడ్‌లో మీరే గీసింది. పీసీబీ గీసే కైక్యాడ్, సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే ఎల్‌టీ స్పైస్, రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే.

రెజ్యూమేలో ‘5 వోల్టుల పవర్ సప్లై’ అని రాసి వదలకండి. ‘12 నుంచి 5 వోల్టులు, 0.5 ఆంపియర్ లీనియర్ సప్లై, థర్మల్ లెక్క, లోడ్ రెగ్యులేషన్ (లోడ్ మారినా వోల్టేజ్ ఎంత నిలకడగా ఉందో) కొలతలతో’ అని రాయండి, బోర్డు చేతిలో పట్టుకెళ్లండి. ‘12 నుంచి 3.3 వోల్టులకు 1 ఆంపియర్ కావాలి, ఏం వాడతావు’ అని అడగొచ్చు. లీనియర్ పెడితే 8.7 వాట్లు కాల్చాలి, అంత హీట్‌సింక్‌కు చోటు లేదు కాబట్టి బక్ కన్వర్టర్ అనండి. సెన్సర్‌కు నాయిజ్ (వోల్టేజ్‌లో చిన్న చిన్న ఊగిసలాటలు) లేని సప్లై కావాలంటే బక్‌తో 4.5కు తెచ్చి, దాని తర్వాత డ్రాపౌట్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య ఉండాల్సిన కనీస తేడా) తక్కువుండే లీనియర్ రెగ్యులేటర్, అంటే ఎల్‌డీవో పెడతానని కూడా చెప్పొచ్చు. ఆ ఎల్‌డీవో ఏఎంఎస్1117 అయితే దాని ట్యాబ్ గ్రౌండ్ కాదు, అవుట్‌పుట్. గ్రౌండ్ అనుకుని పీసీబీ గీసేస్తే 3.3 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అవుతాయి.