సైకిల్ దిగి తోసిన దూరం

తమ్ముడూ,

ఆ ఇసుక దీవికి సైకిల్ మీద వెళ్ళొచ్చి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకున్నాను. రెండోసారి ఒకచోట ఆగిపోయాను. "వంతెన దాటాక కొంతదూరం ఇసుకలో సైకిల్ తోసుకుంటూ వెళ్ళి, చివరికి ఆ అద్భుతమైన తీరానికి చేరుకున్నాను" అని రాశావు. ఆ కొంతదూరం ఎంత? ఫోన్‌లో చెప్పినప్పుడు రెండు కిలోమీటర్లన్నావు. గంటంబావు పట్టిందన్నావు. రెండుసార్లు సైకిల్ పడేసి దాని పక్కనే కూలబడ్డానని, ఒకసారి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నానని కూడా అన్నావు. వ్యాసంలో ఆ గంటంబావుకి దక్కింది ఒక్క వాక్యం. ఒడ్డున కూర్చుని చూసిన కాసేపటికి మాత్రం మూడు పేరాలు రాశావు.

ఫోన్‌లో నువ్వు చెప్పిందే నాకు బాగా నచ్చింది. దాన్ని ఎందుకు దాచావో ఊహించగలను. చెమట, తిట్లు, బూట్లలో ఇసుక, వీటిని సాహిత్యం అనుకోలేదు నువ్వు. సముద్రాన్నే అనుకున్నావు.

నీ వయసులో నేనూ ఇదే చేశాను. అలాంటి దీవికే సైకిల్ మీద వెళ్ళాను. ఆటు సమయంలో, నీళ్ళు వెనక్కి తగ్గి ఉన్నప్పుడు, తడి ఇసుక మీద రోడ్డు మీద పోయినట్టే పోయాను. ఏడెనిమిది కిలోమీటర్లు ఇట్టే అయిపోయాయి. నా తొక్కుడు చూసి నేనే మురిసిపోయాను. తిరిగి వచ్చేసరికి పోటు ఎక్కింది. గట్టి ఇసుకంతా నీళ్ళ కింద ఉంది, నాకు మిగిలింది దిబ్బల పక్కనున్న మెత్తటి పొడి ఇసుక. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుందని, అంటే ఆటు నుంచి పోటుకి ఆరుగంటల పైచిలుకేనని నాకు అప్పుడు తెలియదు. చీకటిపడ్డాక వంతెన చేరాను. తాగునీళ్ళు దారిలోనే అయిపోయాయి. ఇంటికొచ్చి ఏం రాశానో తెలుసా? నీలిసముద్రం, నిశ్శబ్దం, ఆత్మశోధన. ఆ వ్యాసాన్ని ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. అంచున ఒకే ప్రశ్న రాశాడు: "తిరిగి ఎలా వచ్చావు?" ఆయన మీద చాలాకాలం కోపంగా ఉన్నాను.

కాబట్టి ఆ గంటంబావుని విప్పి రాయి. విప్పడమంటే కష్టాన్ని పొడిగించి ఏడవడం కాదు. టైరు ఎక్కడ దిగబడింది, ఎక్కడ దిగబడలేదు, అది గమనించు. పొడి ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. నీళ్ళు నిలిచి మెరిసే ఇసుకలోనూ కూరుకుపోతుంది. ఆ రెండింటి మధ్య, తడి ఉండి నీళ్ళు నిలవని ఒక పట్టీ ఉంటుంది. అక్కడ రేణువుల మధ్య చిక్కిన కొంచెం నీరే వాటిని పట్టి ఉంచుతుంది. సైకిల్ వాడికి ఆ దీవి మొత్తంలో దారి అంటే అదొక్కటే, అది కూడా గంటగంటకీ జరుగుతుంటుంది. ఆ తడి ఇసుక మీద కాలు మోపితే పాదం చుట్టూ ఒక్కసారిగా తెల్లబడి పొడిబారినట్టు కనిపిస్తుంది, చూశావా? దగ్గరగా సర్దుకుని ఉన్న రేణువులు నీ బరువుకి కదిలి ఎడమవుతాయి, పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోతుంది. ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అనే ఆయన 1885లో దీన్ని వివరించాడు. ఆయన పేరు నీ వ్యాసంలో అక్కర్లేదు. ఆ తెల్లటి వలయం మాత్రం కావాలి. సైకిల్ తోసేవాడు తల దించుకుని నడుస్తాడు కదా, నువ్వు ఆ గంటంబావూ చూసింది దాన్నే.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ప్రపంచంలో ఇలాంటి బ్యారియర్ ఐలాండ్స్, అంటే తీరం పక్కనే దానికి అడ్డుగోడలా సాగే సన్నటి ఇసుక దీవులు, 2,149 ఉన్నాయని మొదటి వాక్యంలోనే పెట్టావు. లెక్క సరైనదే. 2011లో వెలువడిన సర్వేలోది, ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కపెట్టారు. కానీ గుమ్మంలోనే అంకె ఎదురైతే చదివేవాడు పరీక్ష హాల్లోకి వచ్చాననుకుంటాడు. తీసెయ్. దీవి పేరు రాయకపోవడం మాత్రం బాగుంది. రాసి ఉంటే వచ్చే ఆదివారానికి అక్కడ నలభై సైకిళ్ళుండేవి.

ఇప్పుడు అసలు పేచీ. ఆ తీరాన్ని నాలుగుచోట్ల "అభివృద్ధి చెందని బీచ్" అన్నావు. ఈ మాట నీది కాదు, ఏదో బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెచ్చి తెలుగులో పెట్టావు. మన చెవికి "అభివృద్ధి చెందని" అనగానే ఏదో లోటు వినిపిస్తుంది, పాపం ఇంకా చెందలేదు, రేపు చెందుతుంది అన్నట్టు. అక్కడ లోటేమీ లేదు. కట్టడాలు లేవు, అంతే. "ఏమీ కట్టని తీరం" అను. ఆ వెంటనే ఎందుకు కట్టలేదని నిన్ను నువ్వు అడుగు. అక్కడ నీకు కథ దొరుకుతుంది.

అమెరికాలో అస్సటీగ్ అనే దీవి ఉంది, అడవి గుర్రాలున్న దీవి. వంతెన మీదుగా సైకిల్ మీద వెళ్ళొచ్చు. ఇవాళ చూసినవాళ్ళు సృష్టి మొదలైనప్పటి నుంచీ ఇలాగే ఉందనుకుంటారు. కానీ 1950లలో అక్కడ వెంచర్ వేశారు. దీవి వెంబడి చాలాదూరం తారురోడ్డు పోశారు, వేల ప్లాట్లు అమ్మారు. 1962 మార్చిలో ఒక తుఫాను వచ్చి మూడురోజులు కదలకుండా కూర్చుంది, ఐదు పోట్లు వరసగా కొట్టాయి. రోడ్డు ముక్కలైంది, ఇళ్ళు చాలామటుకు పోయాయి. 1965లో ప్రభుత్వం దాన్ని జాతీయ తీరంగా ప్రకటించింది. దిబ్బల మధ్య ఆ తారుముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. "మనిషి అడుగుపెట్టని స్వర్గం" అని నువ్వు రాసినచోట ఒక తారుముక్కని ఊహించుకో. అడుగుపెట్టని చోటు కంటే, అడుగుపెట్టి వెనక్కి తీసుకున్న చోటు గురించి రాయడానికి ఎక్కువ ఉంటుంది. మీ దీవికి ఏ కథ ఉందో వెతుకు. లేకపోతే లేదు, కల్పించొద్దు.

"శాశ్వతంగా నిలిచి ఉన్న ఆ తీరం" అన్న వాక్యం కూడా కొట్టేశాను. ఇలాంటి దీవి నిలిచి ఉండదు, నడుస్తుంది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు సముద్రం వైపు ఇసుక దిబ్బల మీదుగా వెళ్ళి వెనకవైపు, దీవికీ అసలు నేలకీ మధ్య ఉండే ఉప్పునీటి కయ్యలో పడుతుంది. ముందు కోసుకుపోయి, వెనక పెరిగి, దీవి మొత్తం మెల్లగా అసలు నేలవైపు దొర్లుతుంది. అమెరికాలోనే హాటెరస్ అనే ఇలాంటి దీవిలో 1870లో లైట్‌హౌస్ కట్టినప్పుడు సముద్రం సుమారు 460 మీటర్ల దూరంలో ఉండేది. అది దగ్గరికొచ్చేసరికి 1999లో లైట్‌హౌస్‌నే పట్టాల మీద దాదాపు 880 మీటర్లు వెనక్కి జరిపారు. ఇటుకల కట్టడాన్ని!

ఇదంతా ఎందుకంటే, నువ్వు జేబులో వేసుకుని తెచ్చిన ఆ బూడిదరంగు ఆల్చిప్ప. వ్యాసంలో "ఒక అందమైన గవ్వ" అయిపోయింది. అది గవ్వ కాదు, పెద్ద అందంగానూ లేదు, ఫోటోలో చూశాను. ఆ రకం ఆల్చిప్పలు అలలు కొట్టే ఒడ్డున బతకవు, దీవి వెనకున్న ప్రశాంతమైన ఉప్పునీటి కయ్యలో బతుకుతాయి. మరి సముద్రం వైపు ఎలా దొరికింది? చాలావరకు అది చచ్చి ఏనాడో కయ్య బురదలో పూడిపోయి ఉంటుంది. దీవి దాని మీదుగా దొర్లి అవతలికి వెళ్ళిపోయింది, సముద్రం దాన్ని ఇవతల బయటపెట్టింది. నీ ఫోటోలో అలల అంచున నల్లగా, గడ్డివేళ్ళతో గడ్డకట్టిన మట్టి ఉంది చూడు, అదీ ఆ పాత కయ్య నేలే అనుకుంటాను. దీవి ఒకప్పటి వెన్ను మీద నిలబడి దాని మొహాన్ని ఫోటో తీశావు నువ్వు. ఈ వాక్యం కావాలంటే వాడుకో. వద్దులే, ఎక్కువైంది.

ఇంకొకటి, "ఎక్కడా ప్రాణి జాడ లేదు" అన్నావు. అదే ఫోటోలో నీ వెనకచక్రం పక్కనే మూడు కన్నాలున్నాయి. అవి పీతల బొరియలు. ఇసుకరంగు పీతలు, కళ్ళు పుల్లల మీద నిలబెట్టినట్టుంటాయి, ఎక్కువగా రాత్రిళ్ళే తిరుగుతాయి. దూరంగా కర్రలు పాతి తాడు కట్టి ఉంది. సాధారణంగా పక్షులు గుడ్లు పెట్టేచోట అలా కడతారు. ఆ పక్షులకి గూడంటూ ఉండదు, ఇసుకలో చిన్న గుంట చేసి గులకరాళ్ళలా కనిపించే గుడ్లు పెడతాయి. అందుకే తాడు. నువ్వు అటు వెళ్ళకపోవడం మంచిదైంది, కానీ తాడుని చూసి కూడా రాయకపోవడం మంచిది కాలేదు. "ఏవో ఊదారంగు పూల తీగలు" అన్నచోట ఆ "ఏవో" నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆకు చివర రెండుగా చీలి మేకగిట్టలా ఉందా? ఉంటే దాని శాస్త్రీయనామంలో ఉన్నదీ అదే, పెస్ కాప్రే అంటే మేకకాలు. దాని గింజలు ఉప్పునీటిలో తేలుతూ పోయి వేడిదేశాల తీరాలన్నిటా మొలుస్తాయి. పేరు దొరక్కపోయినా పరవాలేదు, గిట్టలాంటి ఆకు అని రాసినా చాలు.

కనుచూపుమేర, మనసు దోచే, ప్రకృతి ఒడిలో, అలల సవ్వడి. వీటికి చుట్టూ గీతలు గీశాను. కారణం చెప్పను, వరసగా పైకి చదువుకో.

మళ్ళీ రాసేముందు ఇంకోసారి వెళ్ళిరా. ఈసారి ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు తగ్గుతున్నప్పుడు బయల్దేరు. నీడ ఉండదు, నీళ్ళు మూడు లీటర్లకి తగ్గకుండా పెట్టుకో. టైర్లలో గాలి కాస్త తగ్గించు, తిరిగి కొట్టుకోవడానికి పంపు మర్చిపోకు. నోట్‌బుక్ బ్యాగులో కాదు, చొక్కా జేబులో ఉండాలి. సైకిల్ తోస్తూ ఆయాసపడి ఆగిన ప్రతిసారీ ఒక్క ముక్క రాసుకో, ఒడ్డు చేరాక ఏమీ రాయకు.

అన్నట్టు, వచ్చాక సైకిల్ మంచినీళ్ళతో కడిగావా? కడగలేదని నీ మాటల్ని బట్టే అనుకుంటున్నాను. ఉప్పు చెయిన్‌ని వారంలో తినేస్తుంది. ఈ ఉత్తరం పక్కనపెట్టి ముందు వెళ్ళి కడుగు, తుడిచి నూనె వెయ్యి.

ఆశీస్సులతో,
అన్నయ్య