నలభై దాటాక పియానో మీద కష్టమైన రచన పట్టుకోవచ్చా?

ప్రశ్న: కీబోర్డు మీద సినిమా పాటలు కొద్దిగా వాయిస్తాను. వయసు 43. పాశ్చాత్య స్వరకర్త షోపాన్ పియానోకి రాసిన ఫాంటసీ ఇంప్రాంప్టు నేర్చుకోవాలని ఆశ. ఈ వయసులో అవుతుందా? ఎంత కాలం పడుతుంది?

నేను మొదలుపెట్టేనాటికి నాకు 44. ఇప్పుడు 47. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు నాది. మీరు అడిగిన ఆ రచననే నేనూ పట్టుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా వాయించగలను. కాకపోతే రికార్డింగుల్లో ఐదు నిమిషాల్లో అయిపోయేది నా చేతుల్లో ఏడు నిమిషాలు దాటుతుంది. దీన్ని వచ్చినట్టు లెక్కవేయాలో, రానట్టో మీరే తేల్చుకోండి. మా ఇంట్లో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి.

ముందు వాయిద్యం సంగతి. మొదట్లో నా దగ్గర 61 కీల కీబోర్డు ఉండేది. దాని కీలకు బరువుండదు, ఊదితే దిగిపోతాయి. దాని మీద నేర్చుకున్నదేదీ తర్వాత పనికి రాలేదు. ఆరు నెలలు డబ్బులు కూడబెట్టి, బరువు కీలుండే 88 కీల డిజిటల్ పియానో కొన్నాను. మొదటి వారం చేతులు పీక్కుపోయాయి. మీరు సినిమా పాటల కీబోర్డు మీదే ఉంటే ముందు ఆ పని చూడండి. హెడ్‌ఫోన్స్ కూడా కొనండి, అపార్ట్‌మెంట్‌లో ఉంటే అవి మీకోసం కాదు, పక్కింటివాళ్ళ కోసం.

ఈ రచనలో నన్ను ఏడిపించింది చేతుల లెక్క. ఒక తట్టులో, అంటే ఒక బీట్‌లో, కుడిచేయి నాలుగు స్వరాలు వాయించాలి. అదే తట్టులో ఎడమచేయి మూడు వాయించాలి. రెండూ ఎడం చెదరకుండా, సమంగా. మన భాషలో చెప్పాలంటే ఒక చేతిది చతురశ్రం, రెండో చేతిది తిశ్రం. విడివిడిగా ఏ చేయైనా సరే బానే పోతుంది. కలిపితే నా ఎడమచేయి పరీక్ష హాల్లో పిల్లాడిలా పక్కచేతిని చూసి కాపీ కొట్టేది. రెండు నెలలు ఇదే గొడవ. కొట్లో గాజు కౌంటర్ మీద కూడా రెండు చేతులతో అదే కొట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. బేరింగుల కోసం వచ్చిన డ్రైవరొకాయన "ఏంటి సార్, లెక్క తేలట్లేదా?" అని అడిగాడు. నిజంగానే తేలట్లేదు.

దారి చూపించింది మా అమ్మాయి. తను కూచిపూడి నేర్చుకుంటోంది, పియానో గురించి ఏమీ తెలియదు. నా అవస్థ చూసి "మూడు నాలుగులు పన్నెండే కదా నాన్నా, పన్నెండు మాత్రలు చెప్పుకో" అంది. తకధిమి మూడుసార్లు చెబితే 12. తకిట నాలుగుసార్లు చెప్పినా 12. ప్రతి తకిటలో మొదటి అక్షరం మీద కుడిచేయి పడాలి, ప్రతి తకధిమిలో మొదటి అక్షరం మీద ఎడమచేయి. నాలుగు వాయించే చేతికి తకిట, మూడు వాయించే చేతికి తకధిమి ఏమిటని మొదట నాకు తలకిందులుగా అనిపించింది. బిల్లు పుస్తకం వెనక 12 గళ్ళు గీసి 1, 4, 7, 10 కింద 'కు' అనీ, 1, 5, 9 కింద 'ఎ' అనీ రాశాక విషయం కళ్ళకు కట్టింది. రెండూ కలిసి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. అంతే. మీరు ఈ రాత్రే తొడల మీద కొట్టి చూసుకోవచ్చు, దీనికి పియానో కూడా అక్కర్లేదు.

ఇక్కడితో పని అయిపోయిందనుకున్నాను. అవలేదు. కుడిచేతి నాలుగు స్వరాలకు మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే పరికరం) ఒక్క తట్టు చొప్పున, నిమిషానికి 40 తట్ల దగ్గర మొదలుపెట్టాను. 60 దాకా పన్నెండు లెక్క నన్ను చేయిపట్టి నడిపించింది. 80 దాటాక అదే లెక్క కాళ్ళకు అడ్డం పడింది. అంత వేగంలో పన్నెండు లెక్కపెట్టే బుర్ర ఎవరికీ ఉండదు. నా వాయింపు గతుకుల రోడ్డు మీద ట్రాక్టర్‌లా వినపడేది. కష్టపడి నేర్చుకున్న ఆ లెక్కను మళ్ళీ కష్టపడి వదిలించుకోవాల్సి వచ్చింది. అందుకు నాలుగు నెలలు పోయాయి.

ఏం చేశానంటే, ఒక్కో చేతినీ విడిగా సాధన చేశాను, ధ్యాస పెట్టకుండా వాయించగలిగేదాకా. మా ఆవిడ రేపటి కూర ఏమిటని అడిగితే, ఎడమచేయి ఆగకుండా "దొండకాయ" అని జవాబు చెప్పగలగాలి. అదే నా పరీక్ష. తర్వాత రెండు చేతులూ తట్టు మొదట్లో మాత్రం కలుసుకునేట్టు చూశాను. మధ్యలో ఎవరి దారి వారిది. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తుంటే, ఎనిమిది బార్లు (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య గళ్ళు) దాటి వచ్చేశాననీ ఎక్కడా లెక్కపెట్టలేదనీ తెలిసింది. కుడిచేయి నీళ్ళలా పోతోంది, కింద ఎడమచేయి ఇంకో అలలా. ఒళ్ళు ఝల్లుమంది. ఆపి మళ్ళీ మొదలుపెడితే రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. మూడు రోజులకు మళ్ళీ వచ్చింది. ఇలా దొంగచాటుగా వచ్చి పోతూ వచ్చి పోతూ చివరికి నిలబడింది.

నొటేషన్‌లో నల్ల కీలు ఎక్కువ కనబడ్డాయని బెదిరిపోకండి. ఇది సి షార్ప్ మైనర్ అనే స్కేలులో, అంటే స్వరాల వరసలో ఉంది. నేనూ బెదిరినవాణ్ణే. తీరా చూస్తే పొడుగు వేళ్ళు నల్ల కీల మీద, బొటనవేలు తెల్ల కీల మీద హాయిగా కూర్చుంటాయి. షోపాన్ తన శిష్యులకు స్కేళ్ళు మొదలుపెట్టింది కూడా, అన్నీ తెల్ల కీలే ఉండే సి మేజర్‌తో కాకుండా, నల్ల కీలు ఎక్కువుండే బి మేజర్‌తోనే.

నొప్పి గురించి మాత్రం జాగ్రత్త. నాకు మొదట నేర్పినాయన వేళ్ళు పైకెత్తి గట్టిగా కొట్టమనేవారు. ఏడాది తిరిగేసరికి మోచేయి దాకా నొప్పి. డాక్టరు రెండు వారాలు కీ ముట్టుకోవద్దన్నారు. ఆ రెండు వారాలూ కొట్లో గిరాకీ మీద విసుక్కుంటూ గడిపాను. చేయి బిగిస్తే వేగం రాదు. నొప్పి వస్తే ఆ రోజుకి మూత వేసేయండి, రేపు చూసుకోవచ్చు.

మధ్య భాగం డి ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది. పియానో మీద సి షార్ప్, డి ఫ్లాట్ ఒకే నల్ల కీ, పేరు మారుతుంది, వెలుగు మారుతుంది. నిదానంగా సాగే రాగం, స్వరాలు తక్కువ. రెండు వారాల్లో వేళ్ళకు వచ్చేసింది. ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ముందు నిలబడ్డట్టుంది. మా అమ్మాయి ఏమీ అనలేదు, అంటే బావుండేది. ఆ తర్వాత కీ ముట్టుకోకుండా ముందు పాడటం మొదలుపెట్టాను, ఎక్కడ ఊపిరి తీసుకుంటానో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ. నా గొంతు బాగుండదు, తలుపు వేసుకునే పాడాను. ఈ పేజీ మీద మొదటి భాగం కన్నా ఎక్కువ కాలం గడిపాను, ఇంకా గడుపుతున్నాను. రచన ఆఖర్లో ఇదే రాగం ఎడమచేతిలోకి దిగుతుంది, పైన కుడిచేయి గొణుగుతూ ఉంటుంది. నాకు ఆ కాసిని బార్లంటే ప్రాణం. రోజూ కొట్టు మూసి వచ్చాక మొదట అవే వాయిస్తాను.

ఇంకో మాట, సరదాకి. షోపాన్ దీన్ని 1834లో రాసి, బతికుండగా అచ్చు వేయించలేదు. అచ్చుకాని కాగితాలు తగలబెట్టమని చెప్పి 1849లో పోయాడు. స్నేహితుడు ఫొంటానా ఆ మాట వినకుండా 1855లో అచ్చు వేయించాడు. వినుంటే నాకు మోచేయి నొప్పి తప్పేది.

ఒకసారి ఇక్కడి ఒక చర్చిలో అడిగి, వాళ్ళ పాత పియానో మీద వాయించాను. మన ఉక్కకి రెండు కీలు దిగి పైకి రాలేదు, శ్రుతి ఎప్పుడో పోయింది. అయినా ఆ మొదటి మోత చెక్కలోంచి కడుపులోకి తగిలింది. ఇంట్లో దాని మీద నాకు ఎప్పుడూ తగల్లేదు.

కాలం సంగతి అడిగారు. రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు, నాకు మూడేళ్ళు. దీనికన్నా ముందు రెండు మూడు చిన్న రచనలు పూర్తిగా వాయించి ఉంటే రెండేళ్ళలో అయ్యేదేమో. మీకు ఆ తొందరపాటు వద్దు. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలేయడం మాత్రం దండగ, చేసి చూశాను.

ఈ నెల నా మెట్రోనోమ్ 112 దగ్గరుంది. 116 పెడితే రెండో పేజీలో ఉంగరపు వేలు ఇంకా జారుతోంది. మొదలుపెట్టాక మీ నంబరు ఎంతో ఇక్కడే రాయండి.