ఎస్ నెత్తిన సున్నా: పాత నాణేల శీర్షిక

ప్రశ్న: నర్సాపురంలో పాత వెండి కొనే ఒకాయన దగ్గర స్పెయిన్ రాజు బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం కొన్నాను. సంవత్సరం 1795. బరువు 26.6 గ్రాములు. బొరుసు వైపు ఎస్ అక్షరం, దాని నెత్తిన చిన్న సున్నా ఉన్నాయి. అది చిలీలోని శాంటియాగో టంకశాల గుర్తని, చాలా అరుదని చెప్పి ఎక్కువ ధర తీసుకున్నారు. తర్వాత మా బంధువొకరు చూసి నకిలీ అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఫొటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి. (ఒక పాఠకుడు, రాజోలు)

జవాబు: మీ బంధువు చెప్పిందీ నిజం కాదు, అమ్మినాయన చెప్పిందీ నిజం కాదండీ. ఫొటోల్లో కనిపించినంతలో నాణెం అసలైనదే. అంచు చుట్టూ వలయం, దీర్ఘచతురస్రం ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉన్నాయి. ఎదురెదురుగా రెండు చోట్ల ఆ వరస ఒకదానిమీదికొకటి ఎక్కింది. రెండు పట్టీల మధ్య నాణేన్ని దొర్లించి అంచు అద్దేవారు కాబట్టి అలా వస్తుంది. పోతపోసిన నకిలీలో సాధారణంగా అంచు వెంట అతుకు గీత కనిపిస్తుంది. రియాలు అంటే అప్పటి స్పెయిన్ డబ్బు. కొత్తగా ఉన్నప్పుడు ఈ ఎనిమిది రియాళ్ల నాణెం 27.07 గ్రాములు. రెండు వందల ఏళ్లకు అరగ్రాము అరగడంలో వింత లేదు.

తేడా ఉన్నది ఆ ఎస్‌లో. అప్పట్లో స్పెయిన్ పాలనలోనే ఉన్న మెక్సికో టంకశాల గుర్తు ఎం, దాని నెత్తిన కూడా బుల్లి సున్నాయే. అంటే సున్నాను ముట్టుకోకుండా కింది అక్షరం ఒక్కటి మారిస్తే మెక్సికో కాస్తా శాంటియాగో అయిపోతుంది. మెక్సికో నాణేలు కోట్లలో వచ్చాయి, శాంటియాగోవి బాగా తక్కువ. అందుకే ఈ పని. కానీ గుర్తు పక్కన 8 ఆర్ (ఎనిమిది రియాళ్లు), ఆ పక్కన వెండి నాణ్యత పరీక్షించినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి. మీ నాణెం మీద అవి ఎఫ్, ఎం. 1795లో ఆ అక్షరాలు మెక్సికోవి. ఆ ఏడాది శాంటియాగోలో డీ, ఏ ఉండాలి. చెక్కినవాడు అక్కడిదాకా రాలేదు.

పది రెట్లు చూపే భూతద్దం తీసుకుని, టేబుల్ లైటు వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి చూడండి. అచ్చు గుద్దినప్పుడు లేచిన అక్షరం భుజాలు గుండ్రంగా ఉంటాయి, చుట్టూ నేల ఒకే మట్టంలో ఉంటుంది. మీ ఎస్ చుట్టూ నేల పళ్లెంలా కాస్త దిగింది. ఎం కాళ్లు గీకేసిన గుంట అది. కొంత వెండి తీసి, కొంత పక్కనుంచి నెట్టి చేసిన అక్షరం కనుక వంపులు తిరగలేదు, మూలలు పడ్డాయి.

ఇక బొమ్మ వైపు చూస్తే నాకు నిజంగా బాధ కలిగింది. రాజు చెంప నున్నగా అరిగిపోయింది, తలమీది ఆకుల దండ మసకబారింది, జుట్టు మాత్రం నిన్న దువ్వినట్టుంది. చెంప అరిగితే జుట్టూ అరగాలి కదా! అచ్చు గుద్దినప్పుడు బొమ్మలోని వెంట్రుక పైకి లేచిన గట్టులా వస్తుంది. ఇక్కడున్నవి ఉలితో లోపలికి గీసిన చాళ్లు, అడుగున ఇంకా తళుక్కుమంటున్నాయి. పాలకొల్లులో మా నాన్నగారు నగిషీ పని చేసేవారు. కొక్కెం తీసేసిన నాణెం మీద టంకం మచ్చ కనబడకుండా చెయ్యమని ఎవరైనా అడిగితే మచ్చ ఉండనివ్వండి అనేవారు. ఆ మచ్చ నాకు తప్పుగా అనిపించదు. ఎవరో ఇల్లాలు మెడలో వేసుకుందని చెబుతుందది. ఈ చాళ్లు అలాంటివి కావు, కొనేవాణ్ణి మోసం చెయ్యడానికి గీసినవి.

మన డెల్టాకు ఇలాంటి వెండి కొత్త కాదు. పాలకొల్లులో డచ్చివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు మన నేతబట్ట కోసం కోఠీలు పెట్టారు. ఆ కంపెనీలు బట్ట కొనడానికి తెచ్చిన వెండిలో స్పెయిన్ నాణేలు చాలా ఉండేవి. ఎక్కువభాగం కరిగిపోయాయి. 1807లో మద్రాసు టంకశాల వీటిమీదే రెండు రూపాయల అచ్చు గుద్దింది. కరగకుండా మిగిలినదాన్ని ఇలా చెక్కేశారంటే మనసొప్పదు.

భూతద్దం పట్టుకుని అమ్మినాయన దగ్గరకే వెళ్లండి. ఎఫ్, ఎం చూపించి డబ్బు వెనక్కి అడగండి. ఆయనా తెలియక కొని ఉండొచ్చు, గొడవ పడకుండా మాట్లాడండి. మీరే ఉంచుకునేట్టయితే చింతపండుతో గానీ కుంకుడు రసంతో గానీ తోమకండి. చాళ్లలో పట్టే నలుపే రేపు ఇంకొకరికి సాక్ష్యం. కాగితం కవరులో పెట్టి, పైన ఇలా రాయండి: ‘మెక్సికో, 1795, ఎఫ్ ఎం. టంకశాల గుర్తు మార్చారు, జుట్టు తిరగచెక్కారు.’ ఎవరికిచ్చినా ఆ కవరుతోనే ఇవ్వండి.