ముందు ఫారం రాయి, పథకం తర్వాత

బాబూ,

యువరైతుల పథకం ముసాయిదా నీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. నువ్వు పంపిన కాగితాల్లో మొదటి నాలుగు పేజీలూ లక్ష్యాలే. వాటి జోలికి నేను పోను, లక్ష్యాలు ఎవరు రాసినా బాగానే ఉంటాయి. చివర్న అనుబంధంలో పడేసిన దరఖాస్తు ఫారం మాత్రం రెండుసార్లు చదివాను. మూడో గడిలో 'భూ యజమాని పేరు, హక్కు పత్రం నంబరు' అని ఉంది. నీ పథకం అక్కడే ఆగిపోతుంది.

ఇది దెబ్బ తిని చెబుతున్న మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చం ఇలాంటి ఫారమే నేనూ తయారుచేశాను. జనం దాన్ని ఎలా నింపుతారో చూద్దామని ఒకరోజు కౌంటర్ వెనక కూర్చున్నాను. పాతికేళ్లు నిండని ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు, గోళ్ల సందుల్లో మట్టి. దున్నించేది, విత్తించేది, నీళ్లు పెట్టేది అంతా తనే. మూడో గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగింది. పొలం తాత పేరున ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకులు పంచుకోలేదు, రికార్డు మారలేదు. "అయితే మీ నాన్న సంతకం పట్రా" అన్నాడు గుమాస్తా. "ఆయన పేరునా లేదు కదండీ" అంది. కాసేపు నిలబడి, ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి కవర్లో దాచుకుని వెళ్లిపోయింది. ఆ గడి గీసింది నేనేనని గుమాస్తాకి తెలుసు, ఆమెకి తెలియదు.

యువత అంటేనే ఇంకా ఆస్తి చేతికి రాని వయసు. భూమి కాగితం అడిగావంటే తండ్రులకి పథకం రాసి పిల్లల పేరు పెట్టినట్టే. ఏ దేశంలో చూసినా ఈ ముడి ఏదో ఒక రూపంలో ఉంది. ఇథియోపియాలో రాజ్యాంగం ప్రకారమే భూమి అమ్మకానికి లేదు, కుటుంబాలకు ఉండేది సాగు హక్కే. పంచడానికి కొత్త భూమి మిగలని చోట కుర్రాళ్లు కౌలుకో పాలుకో చెయ్యాల్సిందే. భారతదేశంలో 2019లో మొదలైన పీఎం కిసాన్ సొమ్ము భూమి రికార్డున్న కుటుంబానికే వెళ్తుంది, కౌలుదారుకి రాదు. ఆంధ్రప్రదేశ్ ఈ చిక్కు విప్పాలని 2011లో ఒక చట్టం, 2019లో మరొకటి తెచ్చింది. రెండో దాని ప్రకారం పదకొండు నెలల సాగు పత్రం ఇస్తారు, కానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ చేజారుతుందోనని యజమాని వెనకాడతాడు. మంచి చట్టమే, ఇరుక్కున్నది ఒక్క సంతకం దగ్గర.

బ్రెజిల్ వాళ్లు దీన్ని వేరే వైపు నుంచి పట్టుకున్నారు. కుటుంబ సేద్యం కోసం 1990ల నడుమ మొదలైన ప్రొనాఫ్ అనే సర్కారు పథకం రుణాలకి సొంత భూమే ఉండాలన్న షరతు లేదు. కుటుంబం సాగు చేస్తోందన్న ధ్రువపత్రం ఉంటే కౌలుదారుకీ పాలుకి చేసేవాడికీ అర్హత ఉంది. ఆ పత్రం ఇచ్చేవాళ్లలో రైతులకి సాగు సలహాలిచ్చే విస్తరణ సంస్థలూ, గ్రామీణ కార్మిక సంఘాలూ ఉండేవి. పదహారు నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లకి విడిగా ఒక రుణం పెట్టి, దాన్ని ఇంటి పత్రంతో ముడిపెట్టారు. తండ్రి పత్రం నీడలోనే అయినా, అప్పు మాత్రం కుర్రవాడి పేరునే.

అందుకని మూడో గడి కొట్టేసి 'ఈ పంట ఎవరు వేశారు?' అని రాయి. సాక్ష్యానికి గట్టు పక్క రైతులు ఇద్దరు చాలు. నీటి సంఘం పుస్తకంలో పేరుంటే ఇంకా మంచిది. దొంగ పేర్లు వస్తాయని మీ ఆర్థిక శాఖ అంటుంది. వస్తాయి, రాకుండా ఉండవు. మొదటి ఏడాది చిన్న మొత్తం ఇచ్చి, పంట కళ్లతో చూశాక రెండో ఏడాది పెంచితే సగం దొంగలు వాళ్లంతట వాళ్లే జారుకుంటారు. పొలంలో ఉన్నవాణ్ణి బయట నిలబెట్టడం కంటే ఆ నష్టం చిన్నదే.

వయసు గడి కూడా చూడు. పద్దెనిమిది నుంచి నలభై అయిదు అని పెట్టారు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత పదిహేను నుంచి ఇరవై నాలుగు, ఆఫ్రికా యువజన ఒప్పందంలో ముప్పై అయిదు దాకా. నలభై అయిదేళ్లవాడు యువరైతయితే నేనింకా మధ్యవయస్కుణ్ణే. ఆ పై పదేళ్లు ఎవరి కోసం చేర్చారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తీయించగలిగితే తీయించు.

ఇక తేదీలు. బడ్జెట్ ఏడాది వేరు, వాన ఏడాది వేరు. మలావీలో 2005-06లో కూపన్ల మీద ఎరువులూ విత్తనాలూ ఇచ్చారు. వానలూ కలిసొచ్చి మొక్కజొన్న దిగుబడి బాగా పెరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ తరచూ వినిపించిన ఫిర్యాదు సరుకు ఆలస్యం గురించే. విత్తేటప్పుడు వెయ్యాల్సిన అడుగు మందు మోకాలెత్తు పైరుకి అందితే ఏం చేసుకుంటారు? బస్తా అమ్ముకుంటారు. దాన్ని మనం అవినీతి అని రాస్తాం. నైజీరియా 2012లో సర్కారే ఎరువులు కొని పంచడం మానేసి, రాయితీ వోచరును రైతు ఫోనుకి పంపడం మొదలుపెట్టింది. రైతు దుకాణానికి వెళ్లి తన వాటా కట్టి తెచ్చుకునేవాడు. పద్ధతి మంచిదే, సిగ్నల్ లేని ఊళ్లకి మాత్రం కాగితం దారి కూడా ఉంచుకో. ఉత్తర్వులో 'జూన్' అని కాకుండా 'విత్తడానికి మూడు వారాల ముందు' అని రాయించు.

యంత్రాల రాయితీ గురించి పెద్దగా చెప్పను. రాయితీ ప్రకటించిన నెలలోనే డీలరు కొటేషను పెరగడం నేను ఒకటికి నాలుగు సార్లు చూశాను. అద్దెకిచ్చే కేంద్రం పెట్టించు.

నీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే అదంతా వాళ్ల పంట కొనుగోలు మీద పెట్టమంటాను. నాకు తెలిసిన కుర్రాళ్లు సేద్యం మానేసింది ఎండకి జడిసి కాదు, కోత రోజున ధరెంతో తెలియక. బ్రెజిల్ 2009లో చట్టం చేసింది: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతం కుటుంబ సేద్యపు సరుకు కొనడానికే వాడాలని. బడి నడిచే ప్రతి రోజూ కూరగాయలు కావాలి. ఆ లెక్క ముందే తెలిస్తే పిల్లవాడు ఎన్ని సాళ్లు వెయ్యాలో లెక్కేసుకుంటాడు. కాకపోతే బిల్లు పదిహేను రోజుల్లో చెల్లించాలని కచ్చితంగా రాయి. మూడు నెలలు తిప్పితే వాడు దళారి దగ్గరికే పోతాడు, పోవడమే న్యాయం కూడా. దళారి ఆ సాయంత్రమే చేతిలో పెడతాడు.

ముసాయిదా మళ్లీ రాసే ముందు ఒక పని చెయ్యి. ఫారం పది కాపీలు తీసి, ఏ ఊరైనా సరే, పొలం పని ముగిసే వేళకి వెళ్లి పదిమంది చేత నింపించు. నువ్వు మాట సాయం చెయ్యకు. ఎవరి కలం ఏ గడి దగ్గర ఆగిందో పక్కన గుర్తు పెట్టుకుని, ఆ పది కాగితాలూ నాకు పంపు. పథకానికి పేరేం పెట్టాలని అడిగావు, ఆ సంగతి అప్పుడు చూద్దాం.