మాటలు వినబడవు, బూమ్‌బూమ్ మాత్రం పక్కింటిదాకా

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి. పండక్కి తక్కువలో వస్తోందని 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, ఒక వూఫర్) కొన్నాను. స్లాబు ఇల్లు, చిన్న హాలు. సినిమా పెడితే డైలాగులు వినబడవు, సౌండ్ పెంచితే ఫైటు రాగానే అమ్మ చెవులు మూసుకుంటోంది. వెనక స్పీకర్లలోనూ ముందు వచ్చిందే వస్తోంది. టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఎర్ర, తెల్ల పిన్నుల వైరుతో కలిపాను. ఇది అమ్మేసి సౌండ్‌బార్ కొనమంటారా?

జవాబు: అప్పుడే అమ్మకు తమ్ముడూ. ఆ ఎర్ర, తెల్ల వైరులో వెళ్లేవి రెండే సౌండ్ చానెళ్లు, ఎడమా కుడీ, వాటినే నీ సెట్టు ఐదు స్పీకర్లకూ పంచుతోంది, ఇంక వెనక కొత్తగా ఏం వస్తుంది? బ్లూటూత్‌తో కలిపినా అంతే. సెట్టు వెనక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ ఆప్టికల్ గానీ (టీవీ నుంచి డిజిటల్ సౌండ్ తీసుకునే సాకెట్లు) ఉందేమో చూడు. ఉంటే దాంతో కలిపి, టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఔట్‌పుట్ పీసీఎం (మామూలుగా రెండు చానెళ్లే పంపేది) మీద ఉంటే బిట్‌స్ట్రీమ్‌కో (సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపేది) ఆటోకో మార్చు, చాలామంది వైరు కొని ఇక్కడ ఆగిపోతారు. అవి లేకుండా ఆరు పిన్నుల 5.1 ఇన్‌పుట్ మాత్రమే ఉంటే, మధ్యలో డాల్బీ డీకోడర్ బాక్సు (టీవీ డిజిటల్ సౌండ్‌ని ఆరు చానెళ్లుగా విడదీసేది) పెట్టుకోవాలి. అదీ లేదంటే 5.1 అట్టపెట్టె మీదే ఉన్నట్టు, వెనక స్పీకర్లు బాగా తగ్గించుకుని విను. ఇవన్నీ సరిచేసినా సీరియళ్లకూ పాత సినిమాలకూ వెనక నుంచి ఏదో వస్తుందని చూడకు, 5.1లో ఉన్న సినిమా పెట్టి పరీక్షించు.

ఇక డైలాగులు. అవి వచ్చేది ఎక్కువగా సెంటర్ స్పీకర్ నుంచే, మనవాళ్లేమో దాన్ని టీవీ స్టాండు అరలో లోపలికి తోసి ముందు ఫొటో ఫ్రేము పెడతారు! బయటికి, అంచుదాకా లాగు. ముందువైపు కింద చిన్న అట్టముక్క పెట్టి మూతి నీ చెవివైపు ఎత్తు, రిమోట్‌లో సెంటర్ రెండు మూడు పాయింట్లు పెంచు. వూఫర్, అంటే బేస్ (బూమ్‌బూమ్) వచ్చే పెద్ద డబ్బా, మూలన ఉందా? రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని అక్కడ ఇంకా ఉబ్బిస్తాయి. వూఫర్‌ని కాసేపు నువ్వు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, నేలకి దగ్గరగా వంగి గోడల వెంట తిరుగు; గుయ్యిమనకుండా దెబ్బ దెబ్బగా ఎక్కడ వినిపిస్తే అదే దాని చోటు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. వెనక స్పీకర్లు తలకి మరీ వెనక కాకుండా రెండు పక్కలా, కొంచెం వెనగ్గా, చెవికి కాస్త పైన ఉండాలి. ఎర్ర వైరు ఎర్రదానికే వెళ్లిందా చూడు, ముందు రెంటిలో ఒక్కటి తిరగబడినా బేస్ పల్చబడుతుంది.

హాలు మధ్యలో చప్పట్లు కొట్టు. గోడలు ఖంగుమంటే టీవీకీ సోఫాకీ మధ్య జంపఖానా పరిచి, ఎదురు గోడకి మందపాటి కర్టెన్ వెయ్యి. డైలాగులు ఇంకా తేటపడతాయి, సౌండ్‌బార్ మాట ఆ తర్వాతే.

ప్రశ్న: రాయగడ నుంచి. పాట ఆగినా స్పీకర్లలో సన్నగా గుంయ్‌మని వస్తోంది. సెట్టు పాడైందా?

జవాబు: ముందు టీవీకి వచ్చే కేబుల్ వైరు పీకి చూడండి. ఆగిందంటే గోల అటునుంచే. టీవీ, సెట్‌టాప్ బాక్సు, హోమ్ థియేటర్ మూడూ ఒకే బోర్డులో పెట్టండి, ఆడియో వైరుని కరెంటు వైరుతో కలిపి చుట్టకండి. చాలావరకు తగ్గిపోతుంది. ఎర్త్ పిన్ను విరిచేస్తే పోతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, షాక్ కొడుతుంది.