లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి

విహారానికి వాడే పడవల్లో లైఫ్ జాకెట్‌ను చట్టం తప్పనిసరి చేయాలా, లేక ఎవరి ఇష్టానికి వారిని వదిలేయాలా అని అడిగారు. తప్పనిసరి చేయాలి. అయితే ‘పడవలో ఉంచుకోవాలి’ అంటే సరిపోదు, ‘వేసుకోవాలి’ అని ఉండాలి. ఆ తేడా నాకు నీళ్లలో పడ్డాకే తెలిసింది.

నాలుగేళ్ల కిందట నేను, మా బావ, ఆయన ఎనిమిదేళ్ల కూతురు చిన్న మోటారు పడవలో సరస్సు మీదికి వెళ్లాం. జాకెట్లు మూడు ఉన్నాయి. పాపకు వేశాం. మా ఇద్దరివీ సీటు కింద, సంచుల వెనుక పడి ఉన్నాయి. అలలు లేవు, ఒడ్డు కనబడుతూనే ఉంది, ఇద్దరికీ ఈత వచ్చు. ఇంజను ఆగిపోతే చూద్దామని బావ లేచి నిలబడ్డాడు. నేనూ అదే వైపు వంగాను. పడవ బోల్తా పడింది.

ఈత వచ్చన్న ధీమా మొదటి ఊపిరితోనే పోయింది. చన్నీళ్లలో హఠాత్తుగా పడిన మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా గాలి పీలుస్తాడు. ఆ క్షణాన ముఖం నీటిలో ఉంటే లోపలికి వెళ్లేది నీరే. ఎంత ఈతగాడైనా ముందు ఆ ఎగశ్వాసను తట్టుకోవాలి. తర్వాత కొద్ది నిమిషాల్లోనే చేతుల్లో పట్టు తగ్గిపోతుంది.

ఒక జాకెట్ తేలుతూ నాకు అందింది. ఒక చెయ్యి దూర్చగానే మిగతా సగం పైకి లేచి ముఖానికి అడ్డం పడింది. రెండో చెయ్యి దూర్చాలంటే ఈదడం ఆపాలి, ఆపితే మునుగుతాను. బకిల్ ముక్కలు రెండూ వేళ్లకు తగులుతూనే ఉన్నాయి, కలిపి నొక్కే బలం లేదు. చివరకు దాన్ని ఛాతీ కింద అదుముకుని, రెండో చేత్తో బావ చొక్కా పట్టుకున్నాను. పాప మా కళ్ల ముందే దూరం జరిగిపోతోంది. అందుకోవడానికి నాకు మూడో చెయ్యి లేదు. మరో పడవ వాళ్లు వచ్చి ముగ్గురినీ పైకి లాగారు.

‘పెద్దవాళ్లం, మా ప్రాణం మా ఇష్టం’ అనే వాదనను అందుకే ఒప్పుకోలేను. జాకెట్ వేసుకోని పెద్దవాడు పక్కవాడి చేతులు కూడా కట్టేస్తాడు.

అమెరికా సమాఖ్య నిబంధన ప్రకారం, కదిలే పడవలో ఆరుబయట ఉన్న 13 ఏళ్ల లోపు పిల్లలు జాకెట్ వేసుకోవాలి, పెద్దలకు తలా ఒకటి పడవలో ఉంటే చాలు. అదే దేశపు కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కలు చూడండి: విహార పడవల ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో ప్రతి 10 మందికి 8 మందికి పైగా జాకెట్ వేసుకోనివారే. ఆస్ట్రేలియాలోని టాస్మానియా 2001లోనే, 6 మీటర్ల లోపు మోటారు విహార పడవలు కదులుతున్నంతసేపు పెద్దలు కూడా వేసుకోవాలని నిబంధన తెచ్చింది. నాకు సబబుగా తోచేది అదే. పెద్ద పడవ లోపలి గదిలో కూర్చున్నవారికి మినహాయింపు ఇవ్వవచ్చు. ఉక్కపోత అనేవారికి, నీట పడగానే గాలి నిండే పలుచని రకాలు ఉన్నాయి.

చట్టం వచ్చేదాకా ఆగకండి. ఒడ్డు మీదే జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వస్తే అది వదులే. పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా బిగించాలి. పైకి లాగేసరికి మా పాప జాకెట్ చెవుల దాకా జరిగి ఉంది. దానికి ఆ పట్టీ ఉంది, మేమే పెట్టలేదు.